మోయగలిగినంత

మా నౌపడ ఉప్పుమళ్ళ చుట్టుపక్కల నా అసలు పేరు చెప్పి ఇల్లు అడిగితే ఎవరూ చూపించరు. "కావిడి తాత ఇల్లెక్కడ" అని అడగండి, చూపిస్తారు. చూపించే ముందు కాస్సేపు నవ్వుతారు. ఆ నవ్వు వెనకున్న కథ నేనే చెప్పేయాలని ఇవాళ కూర్చున్నాను. ఎందుకంటే మొన్న టెక్కలి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేనెవరో తెలియక, నా కథ నాకే చెప్పాడు. అతని లెక్కలో నేను నాలుగు బస్తాలు మోశానట, సముద్రం దాకా కొట్టుకుపోయానట, జాలర్లు వలవేసి పట్టారట. అబద్ధం. నేను కొట్టుకుపోయింది మొగలి పొద దాకానే. చరిత్రను సరిదిద్దాల్సిన బాధ్యత నామీద ఉంది.

కాబట్టి ముందే హెచ్చరిస్తున్నాను. ఈ కథలో ఒక తెలివైనవాడు మునుగుతాడు. ఇరవై ఒక్క కేజీల సరుకు, దొంగన్నవాడు లేకుండానే, పట్టపగలు మాయమవుతుంది. గుండె గట్టిగా ఉన్నవాళ్ళే చదవండి.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. కుర్రతనం. ఇప్పుడు డెబ్బై నాలుగు వచ్చాయి కనుక ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. నేను బడి గుమ్మం తొక్కినవాణ్ణి కాను. అక్షరాలు ఉప్పు బస్తాల మీద నేర్చుకున్నాను, వాక్యాలు పకోడీ పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను. అందుకే ఈనాటికీ కొన్ని విషయాలు నాకు సగమే తెలుసు. మిగతా సగం మీద నూనె మరక ఉండేది. ఆ చదువుతోనే ఉప్పు కొఠారులో కాటా దగ్గర కుదిరి ముప్పై ఎనిమిదేళ్ళు బస్తాలు తూచాను. కొఠారంటే ఉప్పు రాశులు పోసి నిల్వచేసే చోటు. వానాకాలం వచ్చిందంటే ఆ రాశుల మీద తాటాకులు కప్పించడం కూడా నా పనే. "ఒరే, ఉప్పు మీద ఒక్క సినుకు పడిందంటే నీ ముకం సూడను" అని ఎంతమంది కూలీల మీద అరిచానో నాకే తెలియదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత నామీద నవ్వడానికి పనికొస్తుంది.

ఆ ఏడు తుపాను వస్తోందని టీవీ నాలుగు రోజులుగా మొత్తుకుంటోంది. వచ్చేదేదో రాదు, పోదు. గాలి ఒకసారి వీస్తుంది, ఆగుతుంది. ఆకాశం అట్లపెనంలా నల్లబడుతుంది, మళ్ళీ తెల్లబడుతుంది. నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే వీధి చివరిదాకా వెళ్ళి సముద్రం వైపు చూడాలనిపించేది, చూస్తే ఇంటికొచ్చి ఏదో ఒకటి కట్టాలనిపించేది. గేదె లేని పలుపుతాడును కూడా రెండుసార్లు విప్పి కట్టాను. సరిగ్గా ఆ సమయంలో సచివాలయం నుంచి ఒక అమ్మాయి కాగితాలు పంచుతూ వచ్చింది.

"తాతా, అత్యవసర సంచీ ఒకటి సర్దుకోండి. షెల్టరుకి రమ్మనగానే ఆ సంచీతో వచ్చీడమే. అన్నీ ఇందులో రాసున్నాయి."

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మందులు, కాగితాలు, టార్చి, నీళ్ళు, అటుకులు. బాగానే ఉంది. కింద ఒక వాక్యం ఉంది: "సంచి బరువు మీరు నడుస్తూ మోయగలిగినంత ఉండాలి."

"మోయగలిగినంత అంటే ఎంతమ్మా?"

"అంటే, మీరెంత మొయ్యగలిగితే అంత."

"నాను డెబ్బయ్యయిదు కేజీల బస్తా మోసినోన్ని."

"ఎప్పుడు తాతా?"

"పెళ్ళికి ముందు."

ఆ పిల్ల పెదవి బిగబట్టుకుని పక్కింటికి పోయింది.

ఇప్పుడు మీరే చెప్పండి. మోయగలిగినంత ఉండాలి అని అచ్చు వేశారు. అంటే ఒక మనిషి నలభై కేజీలు మోయగలిగి ఉండి అయిదు కేజీలే మోస్తే, మిగతా ముప్పై అయిదూ ప్రభుత్వానికి ఎగ్గొట్టినట్టే కదా? నేను జన్మలో ఒక్క గ్రాము తప్పుగా తూచినవాణ్ణి కాను. ఆ కాగితం ఒక పరీక్ష అనుకున్నాను. పల్లె మొత్తం మీద ఆ పరీక్ష రాసింది నేనొక్కణ్ణే.

నా భార్య పోలమ్మకు చక్కెర జబ్బు. రోజూ చీకటి పడకముందు, అన్నం తినేముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలి. అంతకు రెండేళ్ళ ముందు ఒకసారి కరెంటు పోయి, ఫ్రిజ్జులో మందు పాడై, రెండు రోజులు సూది లేకపోయేసరికి మనిషి స్పృహ తప్పింది. ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆ దారి పొడుగునా ఆమె తల నా చేతిలో ఎంత బరువుగా ఉందో ఏ కాటా చెప్పలేదు. అందుకే తుపాను అనగానే మా ఇద్దరికీ మొదట గుర్తొచ్చింది ఆ మందు సీసానే. పోలమ్మ దాన్ని గుడ్డలో చుట్టి, చల్లగా ఉంచే ఫ్లాస్కులో పెట్టి, సూదులు పక్కన దోపి, మొత్తాన్ని ఎర్ర తువ్వాల్లో మూటకట్టింది.

"ఇదొక్కటీ, మంచినీల్ల సీసా ఒకటీ సాలు మావా. ఇంకేటీ ఒద్దు" అంది.

"నువ్వు ఊరుకోవే. కాగితం సదివింది నాను."

అటక మీంచి కావిడి దించాను. కుర్రకారు వీపున తగిలించుకునే సంచులంటే నాకు పడదు. మనిషికి కనబడని చోట బరువేమిటండీ, దొంగతనంగా? కావిడి అయితే వెదురుబద్ద భుజం మీద, గంపలు రెండూ రెండు పక్కల, కళ్ళెదుట. న్యాయంగా ఉంటుంది. దూలానికి పాత స్ప్రింగు కాటా వేలాడదీసి ఎడమ గంప నింపడం మొదలుపెట్టాను. ఫ్లాస్కు మూట ముప్పావు కేజీ. బియ్యం అయిదు కేజీలు. బొంత ఒకటి. దుప్పట్లు రెండు. టార్చి, లాంతరు, కత్తి, రేడియో. ఇవి కాక, నేను ఇన్నేళ్ళుగా ఆఫీసులకు పెట్టుకున్న అర్జీల నకళ్ళు ఒక కట్ట, నాలుగు కేజీలు. అది చూసి పోలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇయ్యెందుకు?"

"తుపానొచ్చి ఆఫీసుల్లో కాయితాలన్నీ కొట్టుకుపోతే? అప్పుడు నకలు ఎవుడి దగ్గరుంటాది?"

"అసలు కాయితాలే ఆల్లు సదవనేదు. నకలు సదువుతారేటి?"

జవాబు చెప్పదగ్గ ప్రశ్న కాదు కనుక నేను కాటా ముల్లు చూశాను. ఇరవై ఒక్క కేజీలు. కచ్చితంగా. ఇక కుడి గంప. కావిడి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, రెండో పక్క కూడా ఇరవై ఒకటి ఉంటేనే బద్ద నిలుస్తుంది. కలిమిలేములు కావడి కుండలన్నారు పెద్దలు. రెండు కుండలూ సమంగా ఉండాలని మాత్రం చెప్పలేదు. అది కాటావాడు చెప్పాలి.

అప్పటికే తమలపాకు కట్ట ఇవ్వడానికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు మా బామ్మర్ది గురువులు. పోలమ్మకు తమ్ముడు. సొంత ట్రాక్టరు ఉంది. నోటికి బ్రేకులు లేవు.

"బావా, ఉన్నది సగం అటు, సగం ఇటు ఎట్టుకోరాదా?" అన్నాడు.

ఇంత తేలిక సంగతి నాకు తోచలేదని మీరు అనుకుంటారేమో. తోచింది. తోస్తే తోసిపుచ్చాను.

"అప్పుడు మోయగలిగినంత అవదురా. మోయగలిగిందాన్లో సగం అవుతాది."

"మరి ఆ పక్క ఏటెడతావు?"

రెండో పక్క రాయి పెడితే దండగ. ఇటుక పెడితే నవ్వుతారు. పనికొచ్చేదై ఉండాలి, షెల్టరులో నలుగురికీ అక్కరకు రావాలి. వంటింటి మూల గోనెసంచిలో కల్లుప్పు ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ బుద్ధి అటే పోయింది.

"ఉప్పు" అన్నాను.

గురువులు నా మొహం చూశాడు. వాళ్ళ అప్ప పోలమ్మ మొహం చూశాడు. "తుపానులో ఉప్పు మోస్తావా బావా" అన్నాడు మెల్లిగా.

"అక్కడ రెండొందలమందికి వొండుతారు. ఉప్పు మరిసిపోయి ఎవుడో ఒకడు ఏడుస్తాడు. అప్పుడు ఎవుడు దిక్కు?"

"నువ్వే బావా" అని ఆకుకట్ట అక్కడ పడేసి వెళ్ళిపోయాడు. నా ముందుచూపుకు మాట పడిపోయిందనుకున్నాను.

ఆ రెండు రోజులూ నేను గంపలు ఎన్నిసార్లు దించానో, ఎన్నిసార్లు ఎక్కించానో చెబితే మీకు నడుం నొప్పి పుడుతుంది. గాలి హోరుమంటే లేచి ఒకసారి తూచేవాణ్ణి. గాలి ఆగితే, ఎందుకాగిందా అని ఇంకోసారి తూచేవాణ్ణి. తేమకు బొంత పావుకేజీ బరువెక్కితే అటు గుప్పెడు ఉప్పు పోసేవాణ్ణి. ఎండ వస్తే ఆ గుప్పెడూ తీసేవాణ్ణి. కాలు కాలిన పిల్లికైనా కాలొకటే కాలుతుంది. నాకు కాటా మొత్తం కాలింది.

మూడో రోజు పొద్దున్న, వాన మొదలైంది. నేను ముల్లు మీద కళ్ళు పెట్టి ఉండగా పోలమ్మ ఎడమ గంప దగ్గర వంగి ఏదో చేసింది, ఏదో అంది. ముల్లు ఇరవై ఒకటి మీదే ఉంది. "ఊఁ" అన్నాను. ఈ "ఊఁ"ని కూడా గుర్తుపెట్టుకోండి. నా జీవితంలో నేను చేసిన అతి పొట్టి తప్పు అది.

మధ్యాహ్నం గురువులు ట్రాక్టరు తెచ్చాడు. పల్లె జనం తొట్టిలో ఎక్కేశారు, మనిషికొక సంచి. షెల్టరు గెడ్డకు అవతల ఒడ్డున బడి మేడ మీద. గెడ్డంటే మా వైపు వాగు. వేసవిలో కోళ్ళు దాటుతాయి, వానొస్తే ఏనుగుకైనా ఆలోచన పడుతుంది.

"బావా, ఎక్కు. ఆ కావిడి ఇంట్లో ఒగ్గీ" అన్నాడు గురువులు.

"ఒగ్గను. దీన్లో మీ అప్ప మందున్నాది."

"మరి మందు తీసి చేత్తో పట్టుకో."

"ముప్పావు కేజీ తీస్తే తూకం సెడతాది."

తొట్టిలో ఉన్నవాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. పోలమ్మ పైనుంచి వంగి, "మావా, ఆ సీసా" అంటూ మొదలుపెట్టింది. ఇంజను మోతలో నాకు వినబడింది అంతే. "నా పేణం పోయినా నీ సీసా తడవనివ్వను, నువ్వు పద" అని అరిచాను. "అది కాదయ్యా" అని ఆమె చెయ్యి ఊపుతుండగా ట్రాక్టరు కదిలింది. ఆమె నన్ను తలచుకుని బాధపడుతోందనుకున్నాను. ఎంత గర్వపడ్డానంటే ఆ గర్వానికి ఇంకో గంప కావాల్సి వచ్చేది.

కావిడి ఎత్తాను. నా బరువు యాభై రెండు, దానిది నలభై రెండు. పది కేజీల తేడాతో ఇంకా నేనే గెలుస్తున్నాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బరకాన్ని ఎడమ గంప మీద కప్పాను, మందూ అర్జీలూ తడవకుండా. కుడి గంప? ఉప్పే కదా, ఉప్పుకేమవుతుందిలే అనుకున్నాను. అవునండీ. ముప్పై ఎనిమిదేళ్ళు తాటాకులు కప్పించినవాడు అనుకున్న మాటే అది. మీరు నవ్వండి, నేను ఆగుతాను.

గెడ్డ దాకా మహారాజులా నడిచాను. అరగంటలో మోకాళ్ళు రెండూ వేరువేరు ఊళ్ళకు పోదామన్నాయి గాని, బద్ద మాత్రం కొఠారు కాటా ముల్లులా నిలబడింది. గెడ్డ మీద నీళ్ళు అప్పటికే తొడల దాకా వచ్చాయి. పాదాలు పాముకుంటూ దిగాను. కావిడి గంపలు కిందకు వేలాడతాయి కదా, నాలుగడుగులు వేసేసరికి రెండూ నీళ్ళలో మునిగాయి. నేను మెల్లిగా నడవడం, ప్రవాహం గోనెసంచిలోంచి దూరి పోవడం. నడుమకు వచ్చేసరికి కుడి పక్క తేలికగా ఉంది. "ఆహా, అలవాటు పడ్డాను" అనుకున్నాను.

ఇంకో పది అడుగులు. ఎడమ పక్క బరువెక్కుతోంది. బరకం వానను ఆపింది సరే, అడుగునుంచి వచ్చే గెడ్డను ఏం ఆపుతుంది? బొంత తాగింది. దుప్పట్లు తాగాయి. బియ్యం తాగాయి. ఏళ్ళుగా ఏ ఆఫీసులోనూ కదలని నా అర్జీలు కూడా కదిలి నీళ్ళు తాగాయి. ఆ పక్క ఉప్పు, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా, వచ్చిన సముద్రానికే తిరిగి వెళ్ళిపోతోంది.

అప్పుడు బద్ద లేచింది. కుడికొన ఆకాశంలోకి, ఎడమకొన పాతాళంలోకి. మధ్యలో ఉన్న కాటావాడు ముల్లులాగే ఒరిగి, నీళ్ళలో పడ్డాడు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడంటారు. ఉప్పు మోసినవాడు కూడా తాగుతాడు. ఆపకుండా తాగుతాడు.

తల పైకెత్తేసరికి గంపలు లేవు, బద్ద లేదు, నా అర్జీలు ఒక్కొక్క కాగితమే కొంగల బారులా కొట్టుకుపోతున్నాయి. వాటి ముందు, ఎర్ర తువ్వాలు మూట. తేలుతూ, దొర్లుతూ, హాయిగా పోతోంది.

ఇంతవరకూ నవ్వుకుంటూ చెప్పాను గాని, ఆ ఒక్క నిమిషం నాకు నవ్వులాట కాదు. సాయంత్రం అవుతోంది. ఆమె అవతలి ఒడ్డున అన్నం ముందు కూర్చుని నాకోసం చూస్తూ ఉంటుంది. ఆటోలో నా చేతిలో వాలిన ఆ తల గుర్తొచ్చింది. అర్జీలు వదిలేశాను. నా జన్మలో అర్జీ వదిలేసింది ఆ ఒక్కసారే. మూట వెంటపడ్డాను. ఈదడం నాకు సగమే వచ్చు, మిగతా సగం మీద నూనె మరక. అది పోతుంది, నేను పోతాను. అందినట్టే అంది జారుతుంది. చివరికి వంపు దగ్గర మొగలి పొదలో అది చిక్కింది, దాని మీద నేను చిక్కాను. ముళ్ళు ఎక్కడెక్కడ గుచ్చుకున్నాయో పెద్దమనిషిని కనుక చెప్పను. మూటను రెండు చేతులా గుండెకు హత్తుకుని, విప్పి చూస్తే మందు తడుస్తుందని విప్పకుండా, పొదలో కూర్చున్నాను.

రెండో విడత జనాన్ని ఎక్కించుకుని వస్తూ గురువులు నన్ను చూశాడు. ట్రాక్టరు ఆపాడు.

"బావా, ఏటి సేస్తన్నావక్కడ?"

"మీ అప్ప పేణం పట్టుకున్నాను."

"కావిడేదీ?"

"అడక్కు."

"ఉప్పు?"

"ఒరే, అడక్కన్నానా."

తాడు విసిరి లాగాడు. తొట్టిలో కూర్చోబెట్టారు. దారంతా మూట ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

బడి మేడ ఎక్కేసరికి వరండాలో జనం బంతి కట్టి కూర్చున్నారు. పోలమ్మ గోడకు ఆనుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, వేడివేడిగా ఉప్మా తింటోంది.

"సూది ఎయ్యకుండా తింటన్నావేటే. ఆగు. తెచ్చినాను" అని మూట ఆమె ముందు పెట్టి, నేనూ పక్కనే కూలబడ్డాను. ఒంటినిండా ముళ్ళు, జుట్టులో నాచు. "ఇదిగో నీ పేణం. పట్టుకో."

పోలమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. తడిముడి విప్పింది. లోపల కొబ్బరికాయ.

ఫ్లాస్కు ఆమె పక్కన గోడవార ఉంది. మూత మీద వాడేసిన సూది, దూది.

వరండాలో అందరూ మెడలు చాచి చూస్తున్నారు. బయట గాలి కూడా ఏమయిందో వినడానికి ఆగినట్టుంది.

"పొద్దున్న సెప్పినాను కదా మావా" అంది. "సీసా నాను తీసుకుంతన్నాను, ఆ బరువుకి కొబ్బరికాయ ఎడతన్నాను అని. నువ్వు ఊఁ అన్నావు."

"తీసుకుంటే తీసుకున్నావు. మల్లీ కాయెందుకెట్టినావు?"

"ఎట్టకపోతే ముల్లు కదుల్తాది. ముల్లు కదిల్తే నువ్వు గంపలు మల్లీ దించుతావు. తుపానొచ్చి మన గుమ్మంలో కూకున్నా నువ్వు తూస్తానే ఉంటావు. నా పేణం ముప్పావు కేజీ మావా. అది నాను మోసుకోలేనేటి?"

అప్పుడు మొదలైంది నవ్వు. గురువులు గోడ పట్టుకున్నాడు. సచివాలయం అమ్మాయి చీటీలు రాస్తున్న పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. పైగా వంటమనిషి గరిటెతో బయటికొచ్చి, "ఉప్మాలో ఉప్పు తక్కువయింది, ఎవురి దగ్గరైనా ఉందేటి?" అని అడిగాడు. పాపం, అతనికి విషయం తెలియదు. తెలిసి అడిగాడని నా అనుమానం ఇప్పటికీ ఉంది.

"బావా" అన్నాడు గురువులు కళ్ళు తుడుచుకుంటూ. "కతలో గాడిద ఒకరోజు ఉప్పు మోసింది, ఒకరోజు దూది మోసింది. నువ్వు రెండూ ఒకే రోజు మోసినావు."

నవ్వులన్నీ అయ్యాక, పోలమ్మ నా వీపున ముళ్ళు ఒక్కొక్కటే తీస్తూ, ఎవరికీ వినబడకుండా, "ఈత రాదు కదా నీకు. ఎందుకు దిగినావు?" అంది. ఆ కొబ్బరికాయను గాలి తగ్గాక అమ్మవారి ముందు ఆమే కొట్టింది. కుళ్ళలేదు. తియ్యగా ఉంది.

ఆ మర్నాడే సచివాలయం అమ్మాయిని పట్టుకున్నాను. తప్పు నాది కాదు, కాగితానిదని నిరూపించాను. "మోయగలిగినంత" అని రాస్తే నిండా మొయ్యమని అర్థం. "మోయగలిగినంతే" అని రాస్తే అంతకు మించొద్దని అర్థం. ఒక్క ఏత్వం ఎగరగొట్టి ఒక మనిషిని ముంచారు. ఇదంతా అర్జీ రాసి పంపాను. జవాబు రాలేదు. మరుసటేడు వచ్చిన కాగితంలో మాత్రం "మోయగలిగినంతే" అని ఉంది. నా అర్జీల్లో నెగ్గింది అదొక్కటే. అచ్చులో అలా పడి ఉంటుందిలే అంటుంది పోలమ్మ. ఆమెకు వ్యాకరణం తెలియదు.

ఇక ప్రతిజ్ఞ. నాకు అన్నం పెట్టిన ఉప్పు సాక్షిగా, నన్ను ఆపిన మొగలి పొద సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట కావిడి ఎత్తను. వానలో ఉప్పు మొయ్యను. పెళ్ళాం మాట్లాడుతుండగా ముల్లు వైపు చూసి "ఊఁ" అనను. నా తుపాను సంచి ఇప్పుడు గోడమేకుకు వేలాడుతోంది: టార్చి, కాగితాల కవరు, అటుకులు, నీళ్ళసీసా, ఒక తువ్వాలు. రెండు కేజీల నూరు గ్రాములు. ఒక్కసారే తూచాను. మందు ఆమె దగ్గరే ఉంటుంది.

మొన్న గాలి తిరిగినప్పుడు పోలమ్మ ఆ సంచి దించి చేత్తో ఎత్తి చూసింది. ఆమె చెయ్యి నా కాటాకంటే నిక్కచ్చి.

"రెండు కేజీలే అన్నావు. పైన ఈ నూరు గ్రాములేటి మావా?"

"అర్జీ నకలు."

"దేని గురించి?"

"ఏత్వం."